సారు కెమెరా, రెండు కేబుళ్లు, మూడు శబ్దాలు

కడపలో అప్సర సర్కిల్ దగ్గర నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. యూఎస్‌బీ ఫిర్యాదులు రోజూ వస్తాయి. చాలామట్టుకు టీ చల్లారేలోపు తేలిపోతాయి. పోర్టు మారిస్తేనో, కేబుల్ మారిస్తేనో పని అయిపోతుంది, వాటిని ఎవరూ రాసిపెట్టుకోరు. ఈ కేసు మాత్రం నా నోటుపుస్తకంలో నాలుగు పేజీలు తినింది. బాగున్న కెమెరాను పోయిందని చెప్పి పంపేయబోయాను గనక.

వచ్చినాయన యర్రగుంట్లలో ఉండే రిటైర్డు తెలుగు సారు. చుట్టుపక్కల ఊళ్లలో శాసనం కనబడినా, వీరగల్లు కనబడినా ఫొటో తీసిపెట్టుకోవడం ఆయన అలవాటు. ఆ మండలంలో అలాంటి అలవాటు పుట్టడం వింతేమీ కాదు. తెలుగులో తొలి శాసనంగా చెప్పుకునే, క్రీ.శ. 575 నాటి రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం బయటపడిన కలమళ్ళ యర్రగుంట్ల మండలంలోదే. సారు చేతిలో ఉన్నది జేబులో పట్టే పాత డిజిటల్ కెమెరా. 10 మెగాపిక్సెల్, రెండు పెన్సిల్ సెల్లులు, పక్కన రబ్బరు మూత కింద 5 పిన్నుల మినీ యూఎస్‌బీ సాకెట్. సెల్లులూ మెమరీ కార్డూ ఉండే అడుగు తలుపుకు గొళ్లెం విరిగిపోయి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఫోన్‌లో తీసుకోవచ్చు కదా సార్" అన్నాను, అందరూ అన్నట్టే.

"మా మనవడూ అదే అంటాడు. ఫోను అచ్చరాన్ని నున్నగా చేసి మింగేస్తాది నాయనా. నాకు గరుకే కావల్ల" అన్నాడు. టార్చిని రాతికి ఒక పక్కనుంచి వాలుగా కొడతాడట. చెక్కిన గీతలో నీడ పడుతుంది, ఆ నీడనే చదువుతాడు. ఆ మాట విన్నాక మళ్లీ ఫోన్ ఊసెత్తలేదు.

ఫిర్యాదు ఒకటే వాక్యం: "కెమెరా తగిలిస్తే కంప్యూటర్ పట్టుకోవడం ల్యా." దసరాకు ముందు వరకు బాగానే ఉండిందట. సిస్టం నిదానమైపోయిందని ఊళ్లోనే ఒకరి చేత ఫార్మాట్ కొట్టించి కొత్తగా విండోస్ 10 వేయించాడు. అప్పటినుంచీ ఇదీ కథ. ఇద్దరు ముగ్గురు చూశారు. ఒకరు డ్రైవర్ (ఆ వస్తువుతో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కు చెప్పే సాఫ్ట్‌వేర్) అన్నారు, ఒకరు కేబుల్ అన్నారు. కేబుల్ అన్నారని బజారులో 60 రూపాయలు పెట్టి కొత్తది కొన్నాడు. అదీ పని చేయలేదు. కెమెరా, పాత నల్ల కేబుల్, కొత్త తెల్ల కేబుల్ మూడూ ఒక గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చాడు. కంప్యూటర్ ఇంట్లోనే ఉంది.

మొదటి పని ఫొటోలు కాపాడుకోవడం

కెమెరా ఎందుకు పట్టుకోలేదన్నది తర్వాత. అందులో ఉన్న ఫొటోలకు ఇంకో కాపీ లేదంటే ముందు అవి బయటికి రావాలి. కార్డు తీసి చూశాను. 8 జీబీ ఎస్‌డీహెచ్‌సీ.

"కార్డు రీడర్ లేదా సార్ ఇంట్లో?"

"ఉండాది. దాంట్లో పెడితే ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతాది. ఎస్ కొట్టబోతి, మా ఇంటామె ఎందుకైనా మంచిది ఉండు అనింది."

ఆ అమ్మకు అప్పుడే మనసులో దండం పెట్టుకున్నాను. సంచి అడుగున ఆ రీడర్ కూడా ఉంది, బాగా పాతది. మామూలు ఎస్‌డీ కార్డులు 2 జీబీ వరకే. 2006లో ఎస్‌డీహెచ్‌సీ వచ్చింది, 32 జీబీ దాకా పోతుంది. చూడ్డానికి కార్డు ఒకటే ఆకారం, సందులో చక్కగా దూరుతుంది కూడా. కానీ లోపల అడ్రసులు లెక్కపెట్టే పద్ధతి వేరు. అంతకు ముందు తయారైన రీడర్‌కు అది అర్థం కాదు. అర్థం కానిది కంప్యూటర్‌కు ఖాళీగానో చెడిపోయినట్టుగానో కనిపిస్తుంది, అప్పుడు ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. ఫొటోలున్న కార్డు మీద ఆ ప్రశ్న వస్తే నో కొట్టి కార్డు బయటికి తీసేయడం ఒక్కటే జవాబు. పొరపాటున ఎస్ కొట్టినా, ఆ తర్వాత కార్డు మీద ఇంకేమీ రాయకుండా ఉంటే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి తీయొచ్చు. కాకపోతే ఫైల్ పేర్లు రావు, ఏ రాయి ఏ ఊరిదో తెలియకుండా పోతుంది. సారుకు అది ఫొటోలు పోయినంత పనే.

నా రీడర్‌లో పెట్టాను, కెమెరా ఫొటోలు దాచే డీసీఐఎం ఫోల్డర్ తెరుచుకుంది, అన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, షాపు సిస్టంలో ఒక కాపీ. మంచి రీడర్ ఒకటి కొనిస్తే కేసు అక్కడికే ముగిసేది, నిజమే. కానీ గొళ్లెం విరిగిన తలుపును వారానికి రెండుసార్లు తెరిచి మూసే కెమెరా ఎన్నాళ్లు నిలుస్తుంది? తెరిచినప్పుడల్లా సెల్లులు జారి కింద పడుతున్నాయి. తలుపు ముట్టకుండా ఫొటోలు రావాలంటే కేబులే దారి.

నా తప్పు తీర్పు

సెల్లులు కొత్తవి వేశాను. ఇది చిన్న విషయంలా కనిపించి చాలామందిని ముంచే సంగతి. ఇలాంటి పాత కెమెరాలు యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకోవు, డేటా పంపడానికి కూడా తమ సెల్లులనే వాడతాయి. సెల్లు అరకొరగా ఉంటే స్క్రీన్ వెలుగుతుంది, కేబుల్ తగిలించగానే చతికిలపడుతుంది.

తర్వాత షాపు ల్యాప్‌టాప్‌కు పాత నల్ల కేబుల్‌తో తగిలించాను. ఏదో ఒక శబ్దం వచ్చింది, కింద మూల నుంచి మెసేజ్ లేచింది: యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్. ఇంకోసారి, ఇంకో పోర్టు, అదే. తెల్ల కేబుల్ పెట్టాను. ఏమీ లేదు. శబ్దం లేదు, మెసేజ్ లేదు, కెమెరాలో కదలిక లేదు.

సారు ఇంటి కంప్యూటర్‌లోనూ రాలేదు, నా ల్యాప్‌టాప్‌లోనూ రాలేదు. రెండు కంప్యూటర్లు, రెండు కేబుళ్లు. మిగిలింది కెమెరాయే కదా. "సాకెట్ పోయినట్టుంది సార్. ఈ మోడల్‌కు స్పేరు దొరకదు. మంచి రీడర్ కొనుక్కోండి" అని చెప్పేశాను. ఆయన మొహం చిన్నబోయింది. అయినా కెమెరా నా దగ్గరే వదిలి, "యాదన్నా దోవ ఉంటే చూడు నాయనా" అని బస్సుకు పోయాడు.

ఆ రోజు నా డబ్బాలో మినీ కేబుల్ లేదు. ఫోన్లు మైక్రోకు, ఆ తర్వాత టైప్-సీకి పోయాక మినీ కేబుల్ అడిగేవాళ్లే లేరు. ఉండి ఉంటే అప్పుడే తేలేది. లేదు గనక లెక్క వేసి తేల్చాను, లెక్క తప్పింది.

షట్టర్ దించి బండి మీద ఇంటికి పోతుంటే తట్టింది. సాకెట్టే పోయి ఉంటే రెండు కేబుళ్లూ ఒకే తీరుగా ఫెయిల్ కావాలి. కాలేదు. ఒకదానికి శబ్దం వచ్చి మెసేజ్ వచ్చింది, ఇంకోదానికి చప్పుడే లేదు. రెండూ 'పని చేయలేదు' అన్న ఒకే గంపలో పడేసి, అందులో ఏముందో చూడకుండా తీర్పు చెప్పాను. రెండు కేబుళ్లు ఒకేసారి చెడిపోతాయా అని నా ధీమా. రెండూ వేర్వేరు జబ్బులతో చెడి ఉండొచ్చుగా!

కేబుల్ మీద సూది

మర్నాడు పాత సామాన్ల అట్టపెట్టె తిరగేస్తే ఎప్పుడో పోయిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి దొరికింది, దాని మినీ కేబుల్‌తో సహా. తగిలించగానే ల్యాప్‌టాప్‌లో కెమెరా పేరు వచ్చింది, ఫొటోలు వరసగా వచ్చి కూర్చున్నాయి. సాకెట్ నిక్షేపంగా ఉంది. నేను సారుకు చెప్పింది అబద్ధం.

ఇక రెండు కేబుళ్లనూ మల్టీమీటర్‌తో చూశాను. తీగ ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా ఉంటే మీటరు బీప్ అంటుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. మామూలుగా ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపూ ఆకుపచ్చా డేటా: తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్. కంప్యూటర్ వైపు పెద్ద పిన్నులో నాలుగు రాగిరేకులు బాగానే కనిపిస్తాయి, మీటరు మొన సులువుగా ఆనుతుంది. మినీ వైపు ఐదు రేకులు చీమకాళ్లంత ఉంటాయి, మొన పట్టదు. మా ఇంట్లో రవికెలు కుట్టే సూదిని మీటరు మొనకు పక్కగా పెట్టి సన్నటి తీగ చుట్టి వాడతాను. ఐదింట్లో నాలుగోది చాలా కేబుళ్లలో ఖాళీ, కంగారు పడక్కర్లేదు. గ్రౌండ్ ఐదోదానికి వస్తుంది.

తెల్ల కేబుల్: ఎరుపుకు బీప్, నలుపుకు బీప్, మిగతా రెండింటికీ మౌనం. కోసి చూస్తే లోపల రెండే తీగలు. అది చార్జింగ్ కేబుల్. టార్చిలైటుకో స్పీకరుకో తప్ప దేనికీ పనికిరాదు. పైన ఆ సంగతి రాసి ఉండదు, అమ్మేవాళ్లకూ చాలామందికి తెలియదు. పట్టుకుంటే మరీ సన్నగా ఉండే కేబుల్‌ను నేను మొదట అనుమానిస్తాను, అయినా లావు చూసి నమ్మకూడదు, లావు ప్లాస్టిక్‌దీ కావచ్చు.

నల్ల కేబుల్: ఎరుపు, నలుపు, డీ ప్లస్ మూడూ బీప్. డీ మైనస్ దగ్గర బీప్ వచ్చినట్టే వచ్చి ఆగింది. మినీ పిన్ను మెడ దగ్గర, రబ్బరు కుచ్చు మొదట్లో, తీగను కుడికి వంచితే బీప్, వదిలితే లేదు. లోపల తెల్ల తీగ తెగి, తెగిన మొనలు అప్పుడప్పుడూ ముద్దు పెట్టుకుంటున్నాయి.

ఇప్పుడు ఆ రెండు తీరులకూ అర్థం దొరికింది. కెమెరా లాంటి వస్తువును తగిలించగానే అది డీ ప్లస్ తీగను 1.5 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా 3.3 వోల్టుల వైపు లాగి పెడుతుంది. ఎవరో తలుపు కొట్టారని కంప్యూటర్‌కు తెలిసేది దాంతోనే. అప్పుడు కంప్యూటర్ 'ఎవరు నువ్వు?' అని అడుగుతుంది, జవాబులో తయారీదారు నంబరు, వస్తువు నంబరు రావాలి. ఆ మాటామంతీకి రెండు డేటా తీగలూ కావాలి. నల్ల కేబుల్‌లో డీ ప్లస్ బతికి ఉంది, కాబట్టి తలుపు చప్పుడైంది. డీ మైనస్ తెగింది, కాబట్టి జవాబు రాలేదు. తెల్ల కేబుల్‌లో రెండూ లేవు, తలుపు చప్పుడే లేదు.

ఇది విండోస్‌లో తగిలించిన వస్తువులన్నిటి పట్టిక, డివైస్ మేనేజర్‌లోనే కనిపిస్తుంది. నల్ల కేబుల్ తగిలించినప్పుడు ల్యాప్‌టాప్‌లో వచ్చింది 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్', కోడ్ 43. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే వీఐడీ_0000, పీఐడీ_0002 అని ఉంటుంది. తయారీదారు నంబరు అన్నీ సున్నాలు. అంటే ఆ వస్తువు తన పేరే చెప్పలేకపోయింది. పేరు చెప్పలేని వస్తువుకు డ్రైవర్ వెతకడం దండగ. డ్రైవర్ ఎవరికని వేస్తాం? ఇంతకు ముందు చూసినాయన డ్రైవర్ల సైట్లన్నీ తిరిగాడని సారు చెప్పాడు, ఆ పొద్దంతా వృథా.

సారుకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. హార్డ్‌డిస్క్ కేబుల్‌తో సహా కెమెరాను ఆ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను. కేసు అయిపోయిందనే అనుకున్నాను.

యర్రగుంట్ల

రెండో రోజు ఫోన్. "రాలేదు నాయనా. అట్నే ఉండాది."

అట్లే ఉంది అన్న మాటను ఈసారి నమ్మదలచుకోలేదు. "శబ్దం వచ్చిందా సార్? ఎట్లా వచ్చింది?"

"వచ్చె. డిండిం అని పైకి లేస్తాది చూడు, పెన్‌డ్రైవ్ పెడితే వస్తాదే, ఆ మాదిరి."

"మెసేజ్?"

"మెసేజేం రాలా. ఏమీ తెరుచుకోలా కూడా."

అట్లే లేదు, మారింది. నాట్ రికగ్నైజ్డ్ పోయి, మామూలు శబ్దం వచ్చింది. కెమెరా తన పేరు చెప్పింది, ఆ తర్వాత ఎక్కడో ఆగింది. ఆయనకు ఫొటోలు రాకపోవడం ఒకటే కాబట్టి అట్లే ఉన్నట్టు. నాకు మాత్రం ఒక గోడ దాటి రెండో గోడ దగ్గరికి వచ్చినట్టు. నా కంటే ముందు చూసినవాళ్లలో ఎవరైనా మంచి కేబులే తెచ్చి పెట్టి ఉన్నా, ఫొటోలు రాలేదని చూసి 'కేబుల్ కాదు' అని తీసుకుపోయి ఉంటారు. రెండు లోపాలు వరసగా ఉన్నప్పుడు మొదటిదాన్ని సరిచేసినా పని కాదు. పని కాలేదని సరిచేసినదాన్ని మళ్లీ వెనక్కి తీసేస్తాం. అందుకే నేను మార్చిన మంచి వస్తువును పని కాకపోయినా తీయను, అది అక్కడే ఉండనిచ్చి రెండోదాని కోసం వెతుకుతాను.

ఆదివారం రైల్లో యర్రగుంట్ల పోయాను. స్టేషన్ దాటి ఆటో ఎక్కితే దోవ పొడుగునా నాపరాళ్ల పాలిష్ యూనిట్లు. కడప బండ అని దేశమంతా పరుచుకునే రాయి. సారు ఇల్లు అలాంటి యూనిట్‌కు రెండిళ్ల అవతల. కంప్యూటర్ పెట్టిన బల్ల కూడా నున్నటి నాపబండే, కిటికీ పక్కనే. బల్ల మీద వేలు రాస్తే బూడిదరంగు పిండి. సిస్టం ముందువైపు పోర్టుల్లో టార్చి వేసి చూస్తే లోపలి ప్లాస్టిక్ నాలుక మీద అదే పిండి గట్టకట్టి ఉంది. 

ముందు పోర్టులో తగిలించి చూశాను. డిండిం అని పైకి, రెండు క్షణాలకు కిందికి దిగే శబ్దం, మళ్లీ పైకి. కేబుల్‌ను వేలితో తాకితే చాలు పడిపోతోంది. వెనక పోర్టుకు మార్చాను, శబ్దం ఒక్కసారే వచ్చి నిలబడింది. ముందు పోర్టు ఒక పల్చటి వైరుతో మదర్‌బోర్డు మీది 9 పిన్నుల గుత్తికి తగులుకుని ఉంటుంది, క్యాబినెట్‌తో పాటు వచ్చే ఆ వైరు నాణ్యత దేవుడికెరుక. వెనకవి బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. కెమెరా, హార్డ్‌డిస్క్, ప్రింటర్ ఏదైనా పరీక్ష చేయాల్సి వస్తే వెనకే. బ్లోయర్‌తో దుమ్ము కొట్టాను, ముందు పోర్టు కొంత నయమైంది గానీ నమ్మకం కుదరలేదు. దాని మీద ఇన్సులేషన్ టేపు అంటించేశాను.

క్యాబినెట్ స్క్రూ ముట్టుకుంటే చేతికి చీమలు పాకినట్టు జివ్వుమంది. టెస్టర్ పెడితే వెలిగింది. "అప్పుడప్పుడూ కొడతాది నాయనా, దాని వల్లనే కెమెరా పట్టుకోవడం లేదేమో" అన్నాడు సారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంట్లో మూడు పిన్నుల సాకెట్ ఉంది గానీ ఎర్త్ బొక్క వెనక తీగ లేదు. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటులోని నాయిస్ వడకట్టడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా క్యాబినెట్‌కు 230లో సగం దాకా వోల్టేజీ తేలుతుంది, కరెంటు మాత్రం బహు కొంచెం. సెల్లుల మీద నడిచే కెమెరాకు దాంతో పనిపడలేదు. కానీ ప్రింటరో టీవీనో కేబుల్ తగిలించేటప్పుడు పోర్టు కాలిపోయే కేసులు చూశాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ వేయించమని సారు ఇంటి అమ్మకు గట్టిగా చెప్పి వచ్చాను. సారుకు చెబితే శాసనాల ధ్యాసలో మరిచిపోతాడు.

అసలు గోడ దగ్గరికి వద్దాం. వెనక పోర్టు, మంచి కేబుల్. డివైస్ మేనేజర్ తెరిచాను. 'అదర్ డివైసెస్' కింద కెమెరా మోడల్ పేరు, దాని మీద పసుపు త్రికోణం, కోడ్ 28: డ్రైవర్లు వేసి లేవు. ఇక్కడ పేరు ఉంది. అంటే తీగలూ సాకెట్టూ పోర్టూ అన్నీ తమ పని చేశాయి. ఇప్పుడు డ్రైవర్ సంగతి మాట్లాడొచ్చు.

అయినా ఒకసారి దెబ్బతిన్నవాణ్ణి, ఈసారి సాక్ష్యం లేకుండా తీర్పు చెప్పదలచుకోలేదు. నా కీచైన్‌కు ఉబుంటు (విండోస్‌కు బదులు నడిచే ఒక రకం లైనక్స్) వేసిన పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. హార్డ్‌డిస్క్‌ను ముట్టకుండా దాని నుంచే సిస్టం లేపి కెమెరా తగిలించాను. ఫొటోలు వచ్చేశాయి. అదే కంప్యూటర్, అదే పోర్టు, అదే కేబుల్, మారింది విండోస్ ఒక్కటే. కుతూహలం కొద్దీ సంచిలో దాచి తెచ్చిన నల్ల కేబుల్‌నూ పెట్టి లైనక్స్ తన లోపలి సంగతులు రాసుకునే చిట్టా, డీమెసేజ్ చూశాను. 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71' అని వరసగా నాలుగు లైన్లు పడ్డాయి. విండోస్ ఒక మాటలో 'గుర్తుపట్టలేదు' అనేది లైనక్స్ ఎక్కడ తెగిందో చెబుతుంది. పాతికేళ్ల కుర్రాళ్లు నా షాపులో పని నేర్చుకోవడానికి వస్తే మొదట ఇచ్చేది ఈ పెన్‌డ్రైవే.

తిరిగి విండోస్‌లోకి. కెమెరాలు రెండు రకాలుగా మాట్లాడతాయి. కొన్ని మాస్ స్టోరేజ్, అంటే పెన్‌డ్రైవ్ మాదిరి ఒక డ్రైవ్ అక్షరంతో వస్తాయి. కొన్ని పీటీపీ లేదా ఎంటీపీ, అవి డ్రైవ్‌గా రావు, దిస్ పీసీలో కెమెరా బొమ్మతో వస్తాయి. కొన్నింట్లో మెనూలో రెంటిలో ఒకటి ఎంచుకోవచ్చు. సారు దాంట్లో ఆ ఎంపిక లేదు, పీటీపీ ఒక్కటే. దానికి వేరే సీడీ అక్కర్లేదు, డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. ఉండాలి. మరి ఇక్కడ ఎందుకు లేదు?

సెట్టింగ్స్‌లో సిస్టం, అబౌట్ తెరిచాను. విండోస్ 10 ప్రో ఎన్.

ఆ చివరి ఒంటి అక్షరం చూసి కుర్చీలో వెనక్కి వాలాను. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్ మీద ఒక తీర్పు ఇచ్చింది. మీడియా ప్లేయర్ లేకుండా కూడా విండోస్ అమ్మాలని అందులో ఒక షరతు. అలా పుట్టిందే ఎన్ రకం. మీడియా ప్లేయర్‌తో పాటు దానికి అంటిపెట్టుకున్న సామగ్రి కూడా పోయింది, అందులో కెమెరాలు, ఫోన్లతో మాట్లాడే పోర్టబుల్ డివైస్ భాగం ఒకటి. యూరప్ కోసం చేసిన విండోస్ యర్రగుంట్లలో ఎలా దిగింది? ఫార్మాట్ కొట్టినాయన పెన్‌డ్రైవ్‌లో ఏది ఉంటే అది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చిన పట్టికలో చెయ్యి ఏ వరస మీద పడితే అది. ఆ విండోస్ కొన్నదా కాదా అని నేను అడగలేదు. మా లైన్లో కొన్ని ప్రశ్నలు చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికి పోతాం.

మందు చిన్నదే. సెట్టింగ్స్, యాప్స్, ఆప్షనల్ ఫీచర్స్, యాడ్ ఎ ఫీచర్, అందులో మీడియా ఫీచర్ ప్యాక్. నా ఫోన్ హాట్‌స్పాట్ మీద దింపాను, సిగ్నల్ అంతంతమాత్రం గనక ఆలోపు అమ్మ ఉగ్గాణి, బజ్జీ పెట్టింది. తిని చేయి కడుక్కునే సరికి అయింది. రీస్టార్ట్ చేసి కెమెరా తగిలించాను. డిండిం. పసుపు త్రికోణం లేదు, పోర్టబుల్ డివైసెస్ కింద కెమెరా పేరు, దిస్ పీసీలో బొమ్మ.

అప్పుడు అడిగాను. "సార్, ఫార్మాట్ కొట్టిన కొత్తలో, మొట్టమొదటి రోజు తగిలించినప్పుడు శబ్దం వచ్చిందా?"

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మొదట్లో వస్తుండె నాయనా. ఫొటోలే రాకుండె. అందుకే పీకి పెట్టడం, పీకి పెట్టడం, ఒంచి చూడడం... పదిసార్లు చేసింటా, యాభైసార్లు చేసింటా."

కేబుల్ మెడ తెగింది అప్పుడే. ఫార్మాట్‌తో విండోస్‌లో కెమెరా భాగం పోయింది. అది తెలియక పీకి పెట్టినందుకు కేబుల్ తెగింది. కేబుల్ అనుమానంతో కొన్నది చార్జింగ్ కేబుల్. నేను చూసింది వెనకనుంచి ముందుకు, మొదటి లోపం నాకు ఆఖర్న దొరికింది. తొలిరోజు షాపులో ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తల తడుముకునే పని లేదు. ఇప్పుడు నా చీటీలో ఫిర్యాదు రాసుకునే చోట 'ఏమైంది' అని కాక 'మొదటి రోజు ఏమైంది, ఈ రోజు ఏమవుతోంది' అని రెండు గళ్లు గీసుకున్నాను.

దించిన ఫొటోల్లో ఒకటి సారు పెద్దది చేసి చూపించాడు. రాతి మీద పొద్దువాలిన నీడలాంటి గీతలు. నాకు ఒక్క అక్షరం తెలియలేదు. ఆయన వేలితో గాలిలో రాసి చూపిస్తూ ఐదారు అక్షరాలు చదివాడు, ఏడోది అరిగిపోయిందన్నాడు.

డబ్బులు కేబుల్‌కూ రైలు చార్జీకీ మాత్రం తీసుకున్నాను, తప్పు చెప్పిన మొదటి రోజుకు తీసుకోలేదు. కోసిన తెల్ల కేబుల్‌ను అక్కడే చెత్తబుట్టలో వేశాను. ఇంకొకటి అలాంటిదే మనవడి బొమ్మకారుది కనబడితే, మళ్లీ కెమెరాకు పెట్టకుండా దానికి మధ్యలో ముడి వేశాను. నల్ల కేబుల్ నా దగ్గరే ఉంది, కుర్రాళ్లకు సూదీ మీటరూ ఇచ్చి తప్పు కనుక్కోమని పెడుతుంటాను.

రెండు నెలలకు సారు ఫోన్ చేశాడు. మళ్లీ పట్టుకోలేదేమో అనుకుంటూ ఎత్తాను.

"పొద్దున శబ్దమే రాలా నాయనా. కేబుల్ ముడి లేనిదే, పోర్టు వెనకదే. అందుకని సెల్లులు మార్చినా. వచ్చె" అన్నాడు. "నేను చేసింది ఇంకొకటి. ఎర్త్ వేయించినా, మా ఇంటామె వదల్లేదు."